మల్లెకు సంక్రాంతి, చామంతికి మృగశిర: మిద్దె తోటలో పని ఒక కాలం ముందే

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. విజయవాడలో రెండంతస్తుల మిద్దె, 40 కుండీలు. ఏటా డిసెంబరులో కడియం వెళ్ళి పూల మొక్కలు తెచ్చుకుంటున్నారు. ఫిబ్రవరి దాకా కళకళలాడతాయి, రోహిణి కార్తె వచ్చేసరికి సగానికి పైగా ఎండిపోతాయి, మిగిలినవి వానలకు కుళ్ళిపోతాయి. మార్చిలో పెట్టిన చిక్కుడు పందిరంతా అల్లుకుంది గానీ ఆగస్టు వచ్చినా ఒక్క పూతా లేదు. మల్లెకు ఆకులే తప్ప మొగ్గలు రావడం లేదు. ఏడాది పొడవునా మిద్దె మీద ఏదో ఒకటి పూస్తూ కాస్తూ ఉండాలంటే ఏ మందు వాడాలని అడిగారు.

మందు అక్కర్లేదు. మీ ఇబ్బందులన్నిటికీ మూలం ఒకటే: ఏ పనైనా ఆ కాలం వచ్చాక మొదలుపెడుతున్నారు. వేసవిలో పూసే మల్లె పని సంక్రాంతికి చేయాలి. చలికాలంలో పూసే చామంతిని మృగశిరలో నాటాలి. మే నెల ఎండకు నీడ ఏర్పాటు మార్చిలోనే అయిపోవాలి. మన రైతులు ఏడాదిని 27 కార్తెలుగా విడగొట్టుకున్నది కూడా ఈ ముందుచూపు కోసమే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే ఒక కార్తె. అందుకే తిథుల్లా మారిపోకుండా ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. మృగశిర ఎప్పుడూ జూన్ 7, 8 తేదీల్లోనే. గోడ క్యాలెండర్‌లో కార్తెల పక్కన తోట పనులు రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాదికీ అదే పనికొస్తుంది.

ముందు చిక్కుడు సంగతి. మన పాత పందిరి చిక్కుడు రకాలు పగటి నిడివిని బట్టి పూస్తాయి. పగలు తగ్గి రాత్రి పెరిగితే తప్ప వాటికి పూత రాదు. మార్చిలో పెట్టినా, జులైలో పెట్టినా పూసేది దసరా దాటాకే. మార్చిలో పెట్టడం వల్ల మీరు నాలుగు నెలల నీళ్ళు అదనంగా పోశారు, అంతే. మొక్కలో లోపం లేదు కాబట్టి పీకేయకండి. ఇప్పటి నుంచి పశువుల ఎరువు, ఆవుపేడ నీళ్ళు ఆపేయండి. నత్రజని ఎక్కువైతే ఆకు మీద ఆకు వేస్తుంది గానీ పూతకు రాదు. పందిరి దాటి వేలాడే కొసలు తుంచండి. ముసురుకున్నచోట నాలుగు ఆకులకు ఒకటి చొప్పున తీసి గాలి ఆడనివ్వండి. అక్టోబరులో గెలలు వేస్తుంది. పూతతోపాటే లేత గెలల మీద నల్ల పేనుబంక దిగుతుంది, చీమలు బారులు కడితే అది వచ్చిందని గుర్తు. మొదటి రోజే వేలితో రుద్ది నీళ్ళతో కడిగితే పోతుంది, వారం ఆగితే గెలంతా ముడుచుకుపోతుంది. ఏ కాలంలోనైనా చిక్కుడు కావాలనుకుంటే పొద రకాలు వేరే ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ, అర్క విజయ రకాలకు పగటి నిడివితో పని లేదు. 12 అంగుళాల కుండీలోనే కాస్తాయి, పందిరి అక్కర్లేదు.

ఇదే లెక్క గోంగూరకూ చామంతికీ. సెప్టెంబరు తర్వాత వేసిన గోంగూర జానెడు ఎత్తులోనే పూతకొచ్చి ఆకు తగ్గిపోతుంది. చామంతి అయితే మరీ సున్నితం. మీ మిద్దె మీద రాత్రంతా లైటు వెలుగుతున్నా, వీధి దీపం కుండీ మీద పడుతున్నా దానికి రాత్రి అయినట్టు తెలియదు, మొగ్గ వేయదు. పూయని చామంతికి ఎరువు వేసేముందు రాత్రి తొమ్మిదింటికి ఒకసారి మిద్దె ఎక్కి వెలుతురు ఎక్కడి నుంచి పడుతోందో చూడండి. కుండీని నాలుగడుగులు నీడవైపు జరిపితే సరిపోవచ్చు.

ఇక వానలకు కుళ్ళడం. ఇక్కడ రెండు తప్పులు కలిసి ఉన్నాయి. కడియం చుట్టుపక్కల నర్సరీల మొక్కలు చాలావరకు జిగురు ఒండ్రు మట్టి ముద్దలో వస్తాయి. రవాణాకు అది మేలే, వేళ్ళు కదలవు. ఆ ముద్దను అలాగే తెచ్చి కొబ్బరి పొట్టు కలిపిన గుల్ల మట్టిలో పెడితే రెండూ కలవవు. ఎండాకాలంలో మీరు పోసిన నీరు గుల్ల మట్టిలోంచి జారిపోతుంది, మధ్యలో బంకమట్టి ముద్ద రాయిలా ఎండి ఉంటుంది. పైన తడి కనిపిస్తుంది, మొక్క దాహంతో చస్తుంది. వానాకాలంలో దీనికి తలకిందులు: అదే ముద్ద నీరు పట్టుకుని వదలదు, వేళ్ళకు గాలి అందక కుళ్ళుతాయి. కొత్త మొక్క తెచ్చినప్పుడు కవరు చింపి, ముద్దను బకెట్టు నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టండి. పైనున్న అంగుళం మందం మట్టిని సన్నపుల్లతో నెమ్మదిగా రాల్చండి, తల్లివేరు జోలికి వెళ్ళకండి. ఆ మట్టిని పారేయక మీ మిశ్రమంలోనే కలిపి నాటండి. ఈ పనికి వానాకాలమే మంచి కాలం. డిసెంబరులో తెచ్చిన పూలమొక్కకు పూలన్నీ తుంచాకే ఇలా చేయాలి. పూలు ఉండగా వేళ్ళు కదిలిస్తే వాడిపోతుంది.

మిశ్రమం విషయంలో నా లెక్క ఇది: ఎర్రమట్టి నాలుగు తట్టలు, బాగా మాగిన పశువుల ఎరువు మూడు, కొబ్బరి పొట్టు రెండు, వేపపిండి అర తట్ట, ఇసుక అర తట్ట. మాగిన ఎరువు అంటే చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, వేడిగా ఉండకూడదు. పచ్చి ఎరువు వేస్తే వేళ్ళు మాడతాయి, వేరుపురుగూ చెదలూ వస్తాయి. కొబ్బరి పొట్టు ఎక్కువ వేస్తే తేలిక అవుతుంది గానీ, ఎండాకాలంలో ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్ళీ నీరు పీల్చదు. కుండీ అడుగున నీళ్ళు పోవడానికి గులకరాళ్ళు పరచడం చాలామంది చేస్తారు. దానివల్ల ఉపయోగం లేదు, మట్టి లోతు తగ్గి నీరు వేళ్ళకు ఇంకా దగ్గరగా నిలుస్తుంది. బెజ్జం మీద ఒక పెంకు ముక్క చాలు. 12 అంగుళాల కుండీకి వేలు పట్టేంత బెజ్జాలు నాలుగైనా ఉండాలి. కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టాలి, కింద ప్లేట్లు ఉంటే దీపావళి దాకా తీసేయాలి. ప్లేట్లలో నీరు నిలిస్తే దోమలు కూడా మీ ఖాతాలోనే.

బరువు గురించి ఒక్కమాట, ఇది అడగకపోయినా చెప్పాల్సింది. మనుషులు తిరిగే మిద్దెకు మన దేశ ప్రమాణాల్లో లెక్కించే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అడుగు లోతున తడిమట్టి పరిస్తే చదరపు మీటరుకు 450 కిలోలు దాటుతుంది. కాబట్టి మడులు కట్టే ఆలోచన ఇంజనీరుకు చూపించకుండా వద్దు. కుండీలనైనా స్లాబు మధ్యలో గుంపుగా కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్న వరసలోనే పెట్టండి.

ఇప్పుడు ఆశ్లేష కార్తె, అంటే ఆగస్టు మొదటి పక్షం. ఈ పదిహేను రోజుల్లో చేయాల్సినవి చాలా ఉన్నాయి. బతుకమ్మకూ దసరాకూ బంతి కావాలంటే మహాలయ అమావాస్య నుంచి వెనక్కి 80 రోజులు లెక్కపెట్టి గింజ వేయాలి, ఆ తేదీ జూన్ ఆఖరికీ జులై ఆఖరికీ మధ్య పడుతుంది. మీకు ఆ గడువు దాటింది కాబట్టి 25 రోజుల నారు కొని నాటండి, అందుకుంటుంది. గింజ ఇప్పుడు వేస్తే దీపావళికీ కార్తికమాసానికీ పనికొస్తుంది. సంక్రాంతి గొబ్బెమ్మలకు బంతి కావాలంటే చిత్త కార్తెలో, అంటే అక్టోబరు రెండో మూడో వారంలో వేయాలి. చలికి పెరుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి 90 రోజులు పట్టుకోవచ్చు. నాటిన నెలకు తల తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు రెట్టింపవుతాయి, కానీ పూత వారం పది రోజులు వెనక్కి జరుగుతుంది. పండగ తేదీ దగ్గరగా ఉంటే తుంచకండి.

మందార, నందివర్ధనం, గన్నేరు, మునగ కొమ్మలు నాటుకోవడానికి కూడా ఇదే అదను. పెన్సిల్ లావున్న ముదురు కొమ్మను 7, 8 అంగుళాల పొడవున కోయండి. కింది కోత కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా, పైకోత కణుపుకు అర అంగుళం పైన. పైన రెండు ఆకులుంచి మిగతావి తీసేయండి, ఆ రెండూ పెద్దవైతే సగానికి కత్తిరించండి. మూడో వంతు మట్టిలో దిగేలా గుచ్చి నీడలో పెట్టండి. పది రోజులకే చిగురు వస్తే వేరు పట్టిందని సంబరపడకండి. కొమ్మలో దాచుకున్న సత్తువతోనే ఆ చిగురు వస్తుంది. 40 రోజులు కదిలించొద్దు. మునగకు మాత్రం చేతి మణికట్టు లావు, మూడడుగుల కొమ్మ కావాలి. కోసిన తర్వాత రెండు రోజులు నీడలో ఆరబెట్టి నాటితే కుళ్ళదు.

వానాకాలం పురుగుల్లో నత్తలది మొదటి స్థానం. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత టార్చితో వెతికి ఏరడమే నమ్మకమైన పద్ధతి. తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పరిచి పెడితే తెల్లారేసరికి అక్కడ గుమిగూడతాయి. కుండీ చుట్టూ ఉప్పు చల్లే అలవాటు మానండి, వానకు కరిగి మట్టిలో చేరి మొక్కను చంపేది ఆ ఉప్పే. నిమ్మ, కరివేపాకు ఆకుల మీద పక్షి రెట్టలా తెల్లమచ్చలున్న పురుగులు కనిపిస్తే తొందరపడి నలపకండి. అవి నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. పెద్దవయ్యాక ఆకుపచ్చగా మారతాయి, కొమ్మకు సన్నదారంతో కట్టుకుని గూడుగా మారి రెక్కలతో బయటికొస్తాయి. చిన్న మొక్కయితే బోసిపోతుంది కాబట్టి, వాటికోసమే ఒక పాత కరివేపాకు కుండీని కేటాయించి పురుగుల్ని ఆకుతో సహా అక్కడికి మార్చండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మిద్దె మీద సీతాకోకలు తిరగాలంటే ఈమాత్రం ఆకు ఖర్చు పెట్టక తప్పదు.

"ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత. ఉత్తర కార్తె దాకా వాన పడకపోతే గంపెత్తుకుని వలస పోవాల్సిందేనని రైతు మాట. మిద్దె తోటకు ఉత్తర కార్తె, అంటే సెప్టెంబరు రెండో పక్షం, చలికాలపు నారు పోసే సమయం. టమాటా, వంగ, క్యాబేజీ, కాలీఫ్లవర్ గింజలు అప్పుడే పోయాలి. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమంగా కలిపి ట్రేల్లో నింపి, గింజను దాని మందానికి రెండింతల లోతున పెట్టండి. మొలిచాక కాండం నేల దగ్గర దారంలా సన్నబడి పడిపోతే అది నారుకుళ్ళు. పడ్డది లేవదు, పక్కవాటిని కాపాడుకోవడమే మిగులుతుంది. ఒత్తుగా చల్లడం, సాయంత్రాలు నీళ్ళు పోయడం, వాన నేరుగా పడటం దానికి కారణాలు. ముందుజాగ్రత్తగా కిలో మాగిన ఎరువుకు 10 గ్రాముల ట్రైకోడెర్మా (కుళ్ళు తెగుళ్ళను అడ్డుకునే మేలు శిలీంధ్రం) పొడి కలిపి, తడిగోనె కప్పి నీడలో వారం ఉంచి ఆ ఎరువు వాడండి. 25, 30 రోజుల నారును సాయంత్రం పూట కుండీల్లోకి మార్చండి.

కాలీఫ్లవర్ కొనేటప్పుడు రకం అడగాలి. ముందస్తు రకాలు కాస్త వెచ్చదనంలోనూ పువ్వు కడతాయి, ఆలస్యపు రకాలకు గట్టి చలి కావాలి. విజయవాడలో ఆ గట్టి చలి రాదు కాబట్టి ముందస్తు రకమే తీసుకోండి. హైదరాబాదులో, ఆదిలాబాదు వైపు రాత్రులు బాగా చల్లబడతాయి కాబట్టి అక్కడివాళ్ళకు క్యారెట్, క్యాబేజీ మీకన్నా బాగా వస్తాయి. అది వాళ్ళ పనితనం కాదు, వాతావరణం. నెల్లూరు, తిరుపతి వైపు సంగతి మరోరకం. అక్కడ పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కాబట్టి ఆకుకూరలూ చలికాలపు పూల నారూ నవంబరు సగం గడిచాకే బయట పెట్టాలి. కొత్తిమీరను అందరూ అక్టోబరు సగం నుంచి ఫిబ్రవరి దాకా విడతలుగా వేసుకోవచ్చు. ధనియాన్ని చెక్కతో నలిపి రెండుగా చేసి, రాత్రంతా నానబెట్టి వేస్తే పది రోజుల్లో మొలుస్తుంది. నలపకుండా వేసినవే చాలామందికి మొలవవు. క్యారెట్ కాళ్ళు చీలినట్టు వస్తే కారణం రాళ్ళో పచ్చి ఎరువో. దాన్ని నారు పోసి మార్చకూడదు, నేరుగా లోతైన కుండీలోనే గింజ వేయాలి.

గులాబీ కత్తిరింపు హస్త, చిత్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మూడో వారం లోపు, వాన తెరపిచ్చిన రోజున. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి మొదలంటా తీసి, మిగతావి సగానికి కోయండి. బయటివైపు చూసే మొగ్గకు పావు అంగుళం పైన, మొగ్గకు ఎదురువైపు వాలేలా కోత ఉండాలి. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయండి. రాయకపోతే కోత నుంచి కొమ్మ నల్లబడి కిందికి దిగుతుంది. ఎండు రోగం అంటారు, వానాకాలం తడి ఆరకముందు కోస్తే ఇంకా ఎక్కువ. కోసిన 45 రోజులకు, కార్తికంలో, ఒకేసారి పూస్తుంది.

చలికాలంలో మీరు ఎక్కువగా చేసే తప్పు నీళ్ళు. నవంబరు నుంచి జనవరి దాకా రోజూ పోయకండి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. కరివేపాకు ఈ కాలంలో నిద్రపోతుంది, ఆకు పసుపెక్కి రాలుతుంది. చచ్చిపోతోందనుకుని నీళ్ళూ ఎరువూ పెంచితే నిజంగానే చస్తుంది. ఫిబ్రవరి దాకా వదిలేసి, అప్పుడు కొసలు కత్తిరించి రెండు గుప్పెళ్ళ ఎరువు వేయండి.

మల్లెదీ ఇలాంటి విశ్రాంతి కథే, మీ మల్లె పూయకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. గుండుమల్లె కొత్త చిగురు కొసనే పూస్తుంది, పాత కొమ్మ మీద పూయదు. ఏడాదంతా నీళ్ళు పోస్తూ, కత్తిరించకుండా పెంచితే అది పొదగా బలిసిపోతుందే తప్ప పూయదు. నవంబరు చివరి నుంచి నీళ్ళు తగ్గించండి. మట్టి నేల అయితే పూర్తిగా ఆపుతారు, కుండీలో నాలుగైదు రోజులకోసారి కొద్దిగా పోస్తే చాలు. ఆకు పసుపుపచ్చగా మారి కొంత రాలాలి. సంక్రాంతి వెళ్ళిన వారంలో కత్తెర పట్టండి: నేలకు అడుగున్నర ఎత్తున అంతా కోసేసి, పుల్లలాంటి సన్న కొమ్మలు, ఎండినవి మొదలంటా తీసి, మిగిలిన ఆకులన్నీ దూసేయండి. మోడులా కనిపిస్తే సరిగ్గా చేసినట్టే. పై రెండంగుళాల మట్టి గీకి తీసి, దాని బదులు వర్మీకంపోస్టు మూడు గుప్పెళ్ళు, వేపపిండి ఒక గుప్పెడు, ఎముకల పొడి ఒక గుప్పెడు కలిపిన కొత్త మట్టి పోయండి. నిండా నీళ్ళు పెట్టి, ఆరు గంటలైనా నేరుగా ఎండ తగిలేచోట ఉంచండి. మార్చి మొదట్లో మొగ్గ కనిపిస్తుంది. ఒక విడత పూయడం అయ్యాక పూసిన కొసలను రెండు మూడు అంగుళాలు తుంచితే మళ్ళీ చిగురు, మళ్ళీ మొగ్గ. ఇలా జూన్ దాకా మూడు నాలుగు విడతలు కోసుకోవచ్చు. మొగ్గలు వంగపండు రంగుకు తిరిగి చిన్న రంధ్రం కనిపిస్తే లోపల మొగ్గతొలిచే పురుగు ఉంది. అలాంటివన్నీ ఏరి నాశనం చేసి, 1500 పీపీఎం (సీసా మీద రాసి ఉండే మందు గాఢత) వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు సాయంత్రం పూట కొట్టండి. నూనెను ముందు ఒక మిల్లీలీటరు సబ్బు ద్రవంతో కలిపి తర్వాత నీళ్ళు పోస్తేనే కలుస్తుంది. కుండీ 14 అంగుళాలకు తగ్గకూడదు. మల్లె పక్కనే ఒక జాజి, ఒక కాగడామల్లె ఉంటే వేసవికి మల్లె, వానలకు జాజి, చలికి కాగడా పూస్తాయి, ఏడాదిలో పూలు లేని నెల దాదాపు ఉండదు.

ఎండాకాలం ఏర్పాటు ఉగాదికి ముందే పూర్తవ్వాలి. వేపచెట్టు పూతకొచ్చిందంటే ఇక ఆలస్యం చేయొద్దు. 50 శాతం నీడ వల చాలు. 75 శాతం వల వేస్తే కాయగూరలు సన్నగా సాగిపోయి పూత రాలుస్తాయి. తలకు తగలకుండా ఏడెనిమిది అడుగుల ఎత్తున కట్టి, పక్కలు తెరిచి ఉంచండి. గుడారంలా మూస్తే వేడి లోపలే ఉండిపోతుంది. పడమటి వైపు మాత్రం మూడింటి ఎండ ఆపడానికి ఒక తెర దించండి. మల్లె, కాగితం పూలు, ఎడారి గులాబీ వల బయటే ఉండాలి, వాటికి ఆ ఎండే ప్రాణం.

మిద్దె మీద మొక్కల్ని చంపేది పైన తగిలే ఎండ ఒక్కటే కాదు, కాలిపోయే కుండీ గోడ కూడా. నల్ల ప్లాస్టిక్ కుండీలో గోడ పక్కనున్న వేళ్ళు ఉడికిపోతాయి. చిన్న కుండీలను పెద్ద కుండీలో దించి మధ్య ఖాళీలో కొబ్బరి పీచు కూరండి, అన్నిటినీ దగ్గరగా చేర్చి పెద్దవి పడమర వైపు, చిన్నవి లోపల పెట్టండి. మట్టి మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండుగడ్డో ఎండాకులో కప్పండి, కాండానికి మాత్రం తగలనివ్వద్దు. నీళ్ళు పొద్దున ఏడు లోపు. 12 అంగుళాల కుండీకి మే నెలలో పొద్దున రెండు లీటర్లు, సాయంత్రం అర లీటరు నుంచి లీటరు పడుతుంది. పైపులో ముందు వచ్చే వేడినీళ్ళు వదిలేశాక పట్టండి. పోసిన వెంటనే అడుగు నుంచి జలజలా కారిపోతే మట్టి తడిసినట్టు కాదు, ఎండి పక్కలకు విడిపోయిన మట్టి అంచు వెంట జారిపోయినట్టు. కొంచెం పోసి, పది నిమిషాలు ఆగి మళ్ళీ పోయండి. లేదా కుండీని టబ్బులో అరగంట నానబెట్టండి. బీర, గుమ్మడి ఆకులు మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రానికి లేస్తే కంగారు అక్కర్లేదు. పొద్దున్నే వాలి ఉంటే అది దాహం. మట్టి తడిగా ఉండి కూడా పొద్దున వాలితే వేరుకుళ్ళు.

ఏప్రిల్, మే నెలల్లో టమాటా పూత రాలిపోతే ఏ మందూ ఆపలేదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటాక పుప్పొడి పనిచేయదు. ఆ నెలల్లో టమాటాను వదిలేసి ఎండను ఇష్టపడేవి పెట్టండి: బెండ, గోరుచిక్కుడు, అలసంద, తోటకూర, బచ్చలి, గంగవాయిలి కూర. దోస, కాకర, సొర, బీర గింజలు జనవరి ఆఖరులో, శ్రవణం కార్తెలో పెట్టుకుంటే ఎండలు ముదిరేలోపు కాపుకొస్తాయి. వేసవి పురుగు ఎర్రనల్లి: ఆకు మీద సన్న తెల్ల చుక్కలు, కింద బూజులాంటి దారాలు. రెండు రోజులకోసారి ఆకుల అడుగుభాగానికి తగిలేలా నీళ్ళు గట్టిగా చిమ్మితే అదుపులో ఉంటుంది. గంధకం కొట్టమని చెబుతారు గానీ 35 డిగ్రీల పైన గంధకం ఆకును మాడుస్తుంది, తీగ జాతులకు ఇంకా ప్రమాదం.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, ఆ పదిహేను రోజులు కుండీ మార్చకండి, కత్తిరించకండి, ఎరువు వేయకండి, మందు కొట్టకండి. నీళ్ళు, నీడ, అంతే. పిట్టలకు వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి మధ్యలో ఒక రాయి ఉంచండి. ఒక్క నాటు పని మాత్రం ఈ కార్తెలో చేసుకోవచ్చు: పసుపు, అల్లం. రెండు కళ్ళున్న ముక్కలు, 15 అంగుళాల సంచికి మూడు, రెండంగుళాల లోతున పెట్టి వల నీడలో ఉంచితే తొలకరితో మొలుస్తాయి. ఆకు ఎండిన తర్వాత జనవరి, ఫిబ్రవరుల్లో తవ్వుకోవచ్చు.

తొలకరి పడ్డాక మొదటి రెండు మూడు గట్టి వానలు కుండీల మీద నేరుగా పడనివ్వండి. మీ బోరునీటిలో ఉప్పు ఉందనడానికి కుండీల అంచున తెల్లటి పొర, కొసలు మాడిన ఆకులే సాక్ష్యం. ఏడాదిగా పేరుకున్న ఆ ఉప్పును కడిగేది వాననీరే. ఆ తర్వాతే ఎరువు. వల తీసేది కూడా అప్పుడే, అయితే ఒక్కసారిగా కాక, మబ్బు పట్టిన రోజు చూసుకుని. పల్లెలో పొలం ఉన్నవాళ్ళు ఆరుద్ర కార్తెలో పిల్లల్ని తీసుకెళ్ళి తడినేల మీద ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగుల్ని చూపించండి. ఏడాదిలో ఆ కొద్దిరోజులే పైకి వస్తాయి, మనిషికి ఏ హానీ చేయవు.

చివరిగా మీ చామంతులు. ఏటా డిసెంబరులో కొని ఫిబ్రవరిలో పారేస్తున్నవి పారేయాల్సినవి కావు. పూలు అయిపోయాక నేలకు ఐదారు అంగుళాల ఎత్తున కోసి, ఎండాకాలమంతా వల నీడలో తడి ఆరకుండా ఉంచండి. పై కొమ్మలు ఎండినా కంగారుపడకండి, మొదట్లో పిలకలు బతికే ఉంటాయి. మృగశిరలో ఆ పిలకలను వేళ్ళతో సహా విడదీసి, ఎనిమిది అంగుళాల కుండీకి ఒకటి చొప్పున నాటండి. నెల తర్వాత ఒకసారి, ఆగస్టు ఆఖరులో మరోసారి కొసలు తుంచండి. సెప్టెంబరు మొదటి వారం తర్వాత కత్తెర ముట్టుకోవద్దు, ఆపైన తుంచితే మొగ్గే పోతుంది. ఒక్క తల్లి కుండీ నుంచి ఎనిమిది పది పిలకలు వస్తాయి. ఈసారి కడియం నుంచి తెచ్చేవాటిలో నచ్చిన రంగులకు రెండేసి కుండీలు మాత్రం తెచ్చుకోండి, ఆపై ఏడాదికి పిలకలు మీ దగ్గరే ఉంటాయి.